అడ్డపొగ నుంచి ఎం.ఆర్.ఐ. వరకు: లాలాజల గ్రంథుల కణితులు – పాడేరు నేపథ్యం

చుట్ట నిప్పు వైపును నోట్లో ఉంచుకొని కాల్చడాన్ని ఉత్తరాంధ్రలో 'అడ్డపొగ' అంటారు. పాడేరు మన్యంలోనూ, ముఖ్యంగా స్త్రీలలో, ఈ అలవాటు ఉంది. నోటి వ్యాధుల పరిశోధన చరిత్రలో ఉత్తరాంధ్రకు స్థానం దక్కడానికి ఇదే కారణం.

శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల అంగిళ్ళను పరీక్షించిన పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ఫలితాలను ప్రకటించారు. పొగ తాకిన అంగిలి తెల్లబారి, దానిపై ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. అవి చిన్న లాలాజల గ్రంథుల నాళముఖాలు. ఆ నాళాలలో కలిగే మార్పులను 1972లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి బృందం వివరించింది.

అడ్డపొగ వల్ల వచ్చే క్యాన్సర్లు చాలావరకు అంగిలి పైపొరలో పుడతాయి. నోరు తెరిస్తే కనబడతాయి. గ్రంథిలో పుట్టే కణితి తరచు నొప్పిలేని ఉబ్బుగానే ఉంటుంది. చెవి ముందరి పరోటిడ్ గ్రంథి కణితులలో ఐదింట నాలుగు నిరపాయమైనవి. అంగిలిలోని చిన్న గ్రంథుల కణితులలో దాదాపు సగం ప్రాణాంతకమైనవి. వాడుకభాషలో రెండూ 'గడ్డ'లే.

ఈ భేదాన్ని శస్త్రచికిత్సకు ముందే గుర్తించడానికి ఎం.ఆర్.ఐ. తోడ్పడుతుంది. 1980వ దశకంలో రూపొందిన డిఫ్యూజన్ పద్ధతి కణజాలంలో నీటి అణువుల కదలికను కొలుస్తుంది. నిరపాయమైన ప్లియోమార్ఫిక్ ఎడినోమాలో అది సాధారణంగా ఎక్కువ. కణాలు కిక్కిరిసిన క్యాన్సర్‌లో తక్కువ. అయితే పొగతాగేవారిలో ఎక్కువగా వచ్చే వార్తిన్ కణితి నిరపాయమైనదే అయినా, అందులోనూ కదలిక తక్కువే. అందుకే గాడోలినియం మందు ఎక్కించి వరుస చిత్రాలు తీస్తారు. వార్తిన్ కణితిలో మందు త్వరగా చేరి త్వరగా తొలగుతుంది. క్యాన్సర్‌లో త్వరగా చేరినా నెమ్మదిగా తొలగడం పరిపాటి. మినహాయింపులు ఉన్నందున తుది నిర్ణయం కణజాల పరీక్షదే.

2022లో పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైంది. ఇక్కడి నుంచి విశాఖపట్నానికి ఘాట్‌రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నాటి పరిశోధకులు గ్రామానికి వెళ్ళి నోరు చూశారు. నేటి యంత్రం దగ్గరకు రోగే వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలో తేల్చే తొలి పరీక్ష మాత్రం నేటికీ గూడెంలోనే, దీపం వెలుగులో, వేలితో తడిమి చేయవలసినదే. ఆధునిక చిత్రణ ఫలితం మన్యానికి అందాలంటే 1971 నాటి ఆ క్షేత్రపద్ధతి కొనసాగాలి.