మౌంటెన్ బైక్ కాసెట్: పుట్టుపూర్వోత్తరాలు

మౌంటెన్ బైక్ వెనుక ఇరుసు చుట్టూ చిన్నదాని పక్కన పెద్దదిగా వరుసగా పేర్చిన పళ్ల చక్రాల కట్టను కాసెట్ అంటారు. నేటి కాసెట్‌లో సాధారణంగా అతి చిన్న చక్రానికి 10 పళ్లు, అతి పెద్దదానికి 50 నుంచి 52 పళ్లు ఉంటాయి. పెద్ద చక్రపు పళ్ల సంఖ్యను చిన్నదాని సంఖ్యతో భాగించగా వచ్చిన విలువను శాతంగా చెప్పడం ఆనవాయితీ. ఆ లెక్కన 10-50 కాసెట్ విస్తృతి 500 శాతం. ఈ అంకెలను చూసినవారికి గేర్ల విస్తృతి ఏటేటా పెరుగుతూ వచ్చిందనిపించడం సహజమే గాని, పెడళ్ల దగ్గరుండే ముందు పళ్ల చక్రాలనూ వెనుక కాసెట్‌నూ కలిపి లెక్కిస్తే మౌంటెన్ బైక్ మొత్తం విస్తృతి గత పాతికేళ్లలో తగ్గింది. కాసెట్ పెద్దదైన తీరును ఈ తగ్గుదలతో కలిపి చూస్తేనే దాని చరిత్ర అర్థమవుతుంది.

సైకిల్ తొలినాళ్లలో వెనుక చక్రానికి రెండు పక్కలా వేర్వేరు సంఖ్యలో పళ్లున్న చక్రాలను బిగించుకుని, కొండ ఎదురైనప్పుడు దిగి, చక్రాన్ని ఊడదీసి తిప్పి పెట్టుకునే పద్ధతి ఉండేది. ఫ్రాన్సులోని సెంతెతియెన్ నగరంలో ‘లె సిక్లిస్త్’ పత్రికను నడిపిన పాల్ ద వివీ, వెలోసియో అనే కలం పేరుతో, ఒకటికి మించిన గేర్ల కోసం ఏళ్ల తరబడి వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు మాత్రం చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి మరొకదానికి జరిపే డెరైలర్ అనే పరికరాన్ని 1937 వరకు పోటీలోకి రానివ్వలేదు.

మౌంటెన్ బైక్ పుట్టింది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీలో. టామల్‌పాయిస్ కొండ పరిసరాల మట్టి దారుల్లో లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్ల మీద యువకులు కిందికి దూకుడుగా దిగేవారు. 1976లో మొదలైన ‘రీప్యాక్’ పోటీకి ఆ పేరు రావడానికి కారణం, ఒక్కసారి కొండ దిగేసరికి వెనుక చక్రం నడుమనుండే హబ్‌లోని బ్రేకు వేడెక్కి గ్రీజు మాడిపోవడం, ప్రతిసారీ కొత్త గ్రీజు కూరాల్సి రావడం. ఆ సైకిళ్లలో చాలావాటికి ఒకే గేరు ఉండడం వల్ల కొండ ఎక్కాలంటే వాటిని నెట్టుకుంటూ నడవాలి, లేదా ట్రక్కులో వేసుకుని పోవాలి. అంతకుముందే, 1974 చివరలో మిల్ వ్యాలీలో జరిగిన ఒక పోటీకి కూపర్టినో నుంచి వచ్చిన కొందరు తమ లావు టైర్ల సైకిళ్లకు డెరైలర్ గేర్లు అమర్చుకుని వచ్చారు. ఆ ఆలోచన మారిన్‌లో పాతుకుంది. ఆ మారిన్ యువకుల్లో ఒకడైన గ్యారీ ఫిషర్ తన సైకిల్‌కు గేర్లు పెట్టుకోవడంతో దిగే బండి ఎక్కే బండి కూడా అయింది. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ పెద్దసంఖ్యలో తయారు చేయించి అమ్మిన స్టంప్‌జంపర్‌లో ముందు మూడు, వెనుక అయిదు పళ్ల చక్రాలు కలిసి 15 గేర్లుండేవి.

అప్పటికి వెనుకనున్నది కాసెట్ కాదు, ఫ్రీవీల్. పెడల్ ఆపినా చక్రం తిరుగుతూనే ఉండేందుకు కావలసిన యంత్రాంగమంతా పళ్ల చక్రాల కట్టలోనే ఉండి, ఆ కట్ట మొత్తం హబ్‌కు మరలతో బిగుసుకునేది. తొక్కే కొద్దీ అది మరింత బిగియడం వల్ల విప్పడం కష్టమయ్యేది; అంతకన్నా పెద్ద చిక్కు, కుడివైపు బేరింగ్ ఇరుసు కొసకు దూరంగా లోపలికి పోవడంతో గతుకుల దారిలో ఇరుసు వంగిపోవడం. 1978లో షిమానో సంస్థ తెచ్చిన ఫ్రీహబ్‌లో ఆ యంత్రాంగం హబ్‌లో భాగమై, బేరింగ్ ఇరుసు కొసకు జరిగింది. అరిగే పళ్ల చక్రాలు మాత్రం నిలువు గాళ్ల మీదుగా జారి కూర్చునే విడి కట్టగా మిగిలాయి. కాసెట్ అనదగిన వస్తువు విరివిగా వాడుకలోకి వచ్చింది ఇక్కడి నుంచే. అదే సంస్థ 1989లో తెచ్చిన హైపర్‌గ్లైడ్ పళ్ల ఆకృతి కూడా తక్కువది కాదు. పళ్లలో కొన్నిటిని కోసి, చక్రాల పక్కతలాల మీద వాలు మెట్లు తీర్చడంతో, ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కుతున్నప్పుడు కూడా చైన్ జారకుండా పక్క చక్రానికి చేరగలిగింది. పక్కపక్క చక్రాల మధ్య పెద్ద పెద్ద అంగలున్న నేటి కాసెట్లు పనిచేయగలగడానికి పునాది ఆ వాలు మెట్లే.

తొంభైల చివరికి ముందు 22, 32, 44 పళ్ల చక్రాలు మూడు, వెనుక 11-34 కాసెట్‌లో తొమ్మిది అనే అమరిక స్థిరపడింది. పేరుకు 27 గేర్లు. విస్తృతి సుమారు 618 శాతం. కాని ఆ 27లో చాలా గేర్లు ఒకదానికొకటి నకళ్లు, కొన్ని చైన్‌ను మరీ ఏటవాలుగా లాగేవి. ముందు డెరైలర్ బురదలో మొరాయించేది, వెనుక సస్పెన్షన్ ఉన్న చట్రాల్లో లావు టైరుకూ ఊగే భాగానికీ కావలసిన చోటును ఆక్రమించేది. ఆ ముందు డెరైలర్‌ను తీసేయాలంటే దాని పనంతా వెనుక కాసెటే మోయాలి.

2009లో శ్రామ్ సంస్థ ఎక్స్‌ఎక్స్ పేరుతో ముందు రెండు చక్రాలకు దిగి, వెనుక 11-36కు వెళ్లింది. 2012 నాటి ఎక్స్‌ఎక్స్1తో ముందు ఒకటే మిగిలి, వెనుక 10-42 వచ్చింది. ఇందుకు మూడు వేర్వేరు మార్పులు కలిసిరావలసి వచ్చింది. ముందు చక్రపు పళ్లను ఒకటి లావుగా, ఒకటి సన్నగా మలిచి చైన్ లింకుల సందులకు సరిపోల్చడంతో చైన్ ఊడిపోవడం తగ్గింది. వెనుక డెరైలర్‌లో పెట్టిన క్లచ్ చైన్ ఎగిరిపడకుండా పట్టి ఉంచింది. పాత హబ్ మీద 11 కన్నా తక్కువ పళ్ల చక్రం కూర్చోవడానికి వీల్లేదు కాబట్టి, ఎక్స్‌డీ అనే సన్నని హబ్ గొట్టాన్ని రూపొందించారు. ఈ మూడోదాని విలువను చాలామంది గుర్తించలేదనే చెప్పాలి. 10-42 విస్తృతి 420 శాతం, 11-46 విస్తృతి 418 శాతం; అంటే చిన్న చక్రంలో ఒక్క పన్ను తగ్గించడం పెద్ద చక్రంలో నాలుగు పళ్లు పెంచడంతో సమానం. అయితే చిన్న చక్రం మీద చైన్ ఎక్కువగా వంగుతుంది, చక్రమూ తొందరగా అరుగుతుంది.

తరువాతి మెట్లు త్వరత్వరగా పడ్డాయి. 2016లో శ్రామ్ ఈగిల్ పన్నెండు చక్రాలతో 10-50కి, 2018లో షిమానో ఎక్స్‌టీఆర్ 10-51కి, 2020లో ఈగిల్ 10-52కి చేరాయి. ఈ లోగా 29 అంగుళాల చక్రం 26 అంగుళాలదాన్ని పక్కకు నెట్టింది. చక్రం పెద్దదైతే అదే గేరు బరువెక్కుతుంది గనుక కాసెట్ పెరగక తప్పలేదు. 26 అంగుళాల చక్రంతో 22-34 జోడీ పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్‌ను సుమారు 1.35 మీటర్లు నడిపేది. 29 అంగుళాల చక్రంతో 30-51 జోడీ నడిపేదీ దాదాపు అంతే. అంటే ఏటవాలు ఎక్కే తేలికలో కొత్త కాసెట్ పాతదాన్ని దాటలేదు, అందుకుంది. వదులుకున్నది రెండో కొసన ఉంది: పాత 44-11 ఒక చుట్టుకు 8.3 మీటర్లు పోతే, కొత్త 30-10 పోయేది 6.9 మీటర్లే. రాళ్ల దారిలో ఆ వేగంతో తొక్కే సందర్భం అరుదు కాబట్టి, మౌంటెన్ బైక్‌కు ఇది న్యాయమైన బేరం.

కాసెట్ ఎంచుకోవడంలో పెద్ద చక్రపు పళ్ల సంఖ్యకు దక్కుతున్నంత శ్రద్ధ మెట్ల మధ్య దూరానికి దక్కడం లేదు. షిమానో 11-46లో చివరి అంగ 37 నుంచి 46కు, అంటే 24 శాతం. ఈగిల్ 10-52లో 42 నుంచి 52కు దాదాపు అంతే. ఎక్కుడులో ఆ అంగ వేసిన క్షణంలో కాళ్ల లయ తప్పుతుంది. షిమానో 10-51లో చివరి మెట్లు 39, 45, 51గా సాగుతూ, ఆఖరి అంగ సుమారు 13 శాతమే. కొండ తొక్కేవారికి ఈ అమరికే మేలు.

అన్నిటికన్నా ముందు చూడవలసింది హబ్. ఎక్స్‌డీ హబ్ మీద షిమానో 10-51 కూర్చోదు, దానికి మైక్రో స్ప్లైన్ అనే వేరే హబ్ గొట్టం కావాలి. పాత హైపర్‌గ్లైడ్ రకం హబ్ ఉన్నవారికి 11 పళ్లతో మొదలయ్యే 11-50, 11-51 కాసెట్లు దొరుకుతాయి. మన దేశంలో అమ్ముడయ్యే తక్కువ ధర 21 గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఉన్నది మర బిగింపు ఫ్రీవీలే కావడం వల్ల, హబ్ మార్చనిదే వాటికి ఏ కాసెటూ పట్టదు. హబ్ కుదిరినా, పెద్ద చక్రాన్ని అందుకోగల పొడవు పంజరమున్న డెరైలర్, దానికి తగిన పొడవు చైన్ కూడా కావాలి. ఇంత ఖర్చుకు సిద్ధపడేలోగా, పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాన్ని మార్చడం గురించి ఆలోచించడం మంచిది: 32 పళ్ల ముందు చక్రంతో 50 పళ్ల వెనుక చక్రం ఇచ్చే తేలికకూ, 30 పళ్లతో 46 ఇచ్చే తేలికకూ తేడా నూటికి రెండే.