హాలీ సిక్కా మొదలు అశోక్‌నగర్ వరకు

ఆర్థిక చరిత్ర యనగానే శ్రోతలకు అంకెల పట్టికలు తోచును. వీధులలో గూడ దానిని చదువవచ్చునని మా యభిప్రాయము. హైదరాబాదులో నారాయణగూడ నుండి చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ల మీదుగా ఆజమాబాదు వరకు నడచినచో రెండు మైళ్ళు మించదు. ఒక రాజ్యము ధనమును ఎచ్చట తీసికొనెనో, ఎచ్చట పెట్టెనో ఆ దారిలోనే కనబడును.

1853లో నిజాము ప్రభుత్వము ఈస్టిండియా కంపెనీ బాకీ తీర్పలేక బేరారును వదలుకొనెను. ఆ యేడే మొదటి సాలారుజంగు దివాను అయ్యెను. అప్పటికి శిస్తు వసూలు గుత్తదారుల చేతిలో నుండెను. రైతు చెల్లించినదానిలో ఖజానాకు చేరినది కొంత, దారిలో నిలిచినది కొంత. ఆయన గుత్తలను తొలగించి, జీతములు గల ఉద్యోగులను నియమించి, 1865లో జిల్లాలను ఏర్పఱచెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చెను. ఐనను ఖజానాకు ఆధారము భూమిశిస్తే. దాని తరువాత చెప్పదగినది ఆబ్కారీ. నారాయణగూడలోని సర్కారు డిస్టిలరీ ఆ కాలపు గుర్తు. పల్లెవాని కల్లుముంత మీది పన్ను గూడ నగరమునకే చేరెడిది.

రాజ్యమునకు సొంత నాణెము, సొంత సుంకము, 1918 నుండి సొంత నోటు ఉండెను. 7 హాలీ రూపాయలు 6 ఇంగ్లీషు రూపాయలకు సరి. బొంబాయి సరకు తెప్పించు వర్తకునకు ఈ లెక్క నోటికి రావలెను. ఇట్టి ప్రత్యేకత గల రాజ్యము తన సొమ్ముతో తానే పరిశ్రమలను పెంచ దలచుట సహజము. 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక నిధి ఏర్పడెను. కంపెనీలకు అప్పు లిచ్చుట, వాటాలు కొనుట దాని పని. అశోక్‌నగర్ చేరువను రామ్‌గోపాల్ బట్టల మిల్లు 1920లోనే వెలసియుండెను. చార్మినార్ సిగరెట్లు చేయు వజీరు సుల్తాన్ కంపెనీ 1930లో పుట్టెను. యువరాజు ఆజంజా పేరిట వెలసిన ఆజమాబాదులో సర్కారు కౌలు స్థలములలో కార్ఖానాలు లేచినవి. 1932లో నిజాము రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించెను. చిక్కడపల్లి ప్రక్క కూడలికి ఆర్టీసీ పేరు వచ్చుట ఆ సంతతి వలననే.

ఇదంతయు ప్రభువుల ఔదార్యమని చెప్పువారు గలరు. మేము ఒప్పుకొనము. నిధిలోని కోటి రూపాయలు రైతు సొమ్మే. నగరమున పొగగొట్టములు లేచుచుండగా పల్లెలలో వెట్టి సాగుచుండెను. రాజ్యమున ఇంచుమించు మూడవ వంతు జాగీర్ల క్రింద నుండెను. 1949లో గాని జాగీర్లు రద్దు కాలేదు.

1948 తరువాత రాజ్యము యూనియనులో కలిసెను. 1950 నుండి భారత రూపాయి హాలీ ప్రక్కన చెలామణి అయ్యెను. 1959లో హాలీ సెలవు తీసికొనెను. 1941 నాటి హైదరాబాదు స్టేటు బ్యాంకు 2017లో భారతీయ స్టేటు బ్యాంకులో లీనమయ్యెను. విపణి దేశమంత పెద్దదైనది. గోడ చాటున పెరిగిన మిల్లులకు చాటు పోయినది. రామ్‌గోపాల్ మిల్లు మూతపడెను. ఆజమాబాదులో మఱియొక చిత్రము: తయారగు వస్తువు కంటె క్రింది నేల విలువ హెచ్చెను. కౌళ్ళ తగవునకు 1992లో ప్రత్యేక శాసనమే చేయవలసి వచ్చెను.

ఇప్పుడు అశోక్‌నగర్ పరిశ్రమ పరీక్ష. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున యువకులు ఉదయము నుండి రాత్రి దాక పంచవర్ష ప్రణాళికలను వల్లించుచుందురు. 2014లో ఏర్పడిన తెలంగాణలో మొదటి గ్రూప్-1 ప్రకటన 2022లో, 503 ఉద్యోగములకు, వెలువడెను. ప్రాథమిక పరీక్ష రెండుమార్లు రద్దయి, 2024లో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చెను. ఈ నడుమ గడచిన యేండ్లకు ఏ జమాఖర్చులోను పద్దు లేదు. కోచింగు కేంద్రములు, మెస్సులు, జిరాక్సు కొట్లు మాత్రము ఆ యేండ్ల మీదనే బ్రదికినవి. పూర్వము శిస్తు పంపిన పల్లెల నుండియే నేడు గది యద్దె నెలనెల ఫోను మీద వచ్చుచున్నది.