బాక్సు నుంచి బిట్ల దాకా

సినిమా వ్యాపారుల లెక్కల్లో రాయలసీమకు ఇప్పటికీ ‘సీడెడ్’ అనే పేరు. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారికి దత్తం చేసిననాటి మాట అది. ఆ సీడెడ్‌లోనూ పెద్ద ఊళ్ళు, చిన్న ఊళ్ళు అని ఒక వరుస ఉండేది. ప్రింటుకు ఖర్చెక్కువ గనుక తీయించిన కొద్ది ప్రింట్లూ ముందు కర్నూలు, ఆదోని వంటి పట్టణాల్లో ఆడి, అరిగి, గీతలు పడిన తర్వాతే మద్దికెర వంటి ఊళ్ళ ప్రేక్షకుల వంతు వచ్చేది. బాక్సు చేరేసరికి బొమ్మ పాతబడేది. ఎండాకాలపు సన్నివేశంలోనూ తెరమీద వాన కురిసేది.

ఈ వరుసను చెరిపివేసింది ఒక గణిత ప్రక్రియ అని నా అభిప్రాయం. దానిని కుదింపు అందాం.

2కే చిత్రంలో ఒక్కో ఫ్రేముకు 2048×1080 చుక్కలు, చుక్కకు 36 బిట్లు, సెకనుకు 24 ఫ్రేములు. కుదించకుండా దాచితే రెండున్నర గంటల సినిమాకు దాదాపు 2,150 గిగాబైట్లు కావాలి. ఇంత బరువును ఎలా తగ్గించాలన్నదే ప్రశ్న.

2002లో ఏడు హాలీవుడ్ స్టూడియోలు కలిసి డీసీఐ అనే కూటమిగా ఏర్పడి, 2005 జులైలో తమ ప్రమాణాన్ని ప్రకటించాయి. వారు ఎంచుకున్నది జేపెగ్ 2000. ఇందులో ప్రతి ఫ్రేమునూ విడి ఛాయాచిత్రంగా కుదిస్తారు, పక్క ఫ్రేముతో నిమిత్తం లేదు. సెకనుకు 250 మెగాబిట్లు గరిష్ఠ పరిమితి. ఆ లెక్కన మన సినిమా 280 గిగాబైట్ల దాకా వస్తుంది. బొమ్మ నాణ్యమైనదే గాని, సర్వరూ ప్రొజెక్టరూ చిన్న థియేటరుకు అందని ధర.

రెండవ దారి ఎంపెగ్ కుటుంబానిది. విజయదశమినాడు మద్దికెర పారువేటలో గుర్రాలు పరుగెత్తడం చిత్రీకరించారనుకోండి. వీధీ గోడలూ కదలవు కనుక వాటిని ఒకసారి చెప్పి, తర్వాతి ఫ్రేముల్లో మారిన భాగాన్నే చెబితే చాలు. చోటు ఎంతో మిగులుతుంది. చిక్కల్లా గుర్రాల డెక్కల కింద లేచే దుమ్ముతోనే. ప్రతి రేణువూ ప్రతి ఫ్రేములోనూ కొత్తచోట ఉంటుంది. బిట్లు చాలకపోతే ఆ దుమ్ము గళ్ళుగళ్ళుగా విరిగి కనిపిస్తుంది.

2005 ప్రాంతంలో మన దేశం ఈ రెండవ దారి పట్టింది. ముంబయి సంస్థ యూఎఫ్ఓ ఎంపెగ్-4 బొమ్మను ఉపగ్రహం ద్వారా థియేటర్లకు పంపింది. చెన్నైలోని రియల్ ఇమేజ్ వారు క్యూబ్‌ను తెచ్చారు. సెకనుకు 10 మెగాబిట్లు అనుకుంటే అదే సినిమా 11 గిగాబైట్లలో ఇమిడిపోతుంది. పాశ్చాత్య నిపుణులు దీనిని డిజిటల్ సినిమాగా ఒప్పుకోక, ‘ఇ-సినిమా’ అని వేరుపెట్టారు. వారి కొలత ప్రకారం అది సబబే. కాని విడుదల రోజున ఉదయపు ఆటను పట్టణంతో పాటే చూడగలిగిన చిన్న ఊరి ప్రేక్షకునికి ఆ తరగతి భేదం పట్టలేదు. గీతలు లేని బొమ్మను అతడు మొదటిసారిగా మొదటిరోజే చూశాడు.

అయితే ఇది ఊరకే రాలేదు. 35 ఎం.ఎం. ఫిల్మును 1909లోనే అంతర్జాతీయంగా ప్రమాణంగా ఒప్పుకున్నారు; ఏ ఊరి బాక్సయినా ఏ ఊరి ప్రొజెక్టరులోనైనా తిరిగేది. కొత్త పద్ధతిలో బొమ్మకు తాళం, సర్వరుకు యజమాని, ఆటకు రుసుము వచ్చాయి. ఆ రుసుముల మీద నిర్మాతలకూ డిజిటల్ సంస్థలకూ తగవు ముదిరి, 2018 మార్చి 2 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ థియేటర్లు కొన్నాళ్ళు మూతపడ్డాయి. వరుస చెరిగింది గాని, దానితోపాటే పెత్తనం చేతులు మారింది.

ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి ఉండి, ఒకరి తెలుగు మరొకరి తెరమీద పిచ్చిగీతలుగా కనిపించిన రోజులు మనకు తెలుసు. యూనికోడ్ ఎందుకు కావలసివచ్చిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. సినిమాకూ అదే న్యాయం. అరిగిన ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకున్నా అందులోని మనిషి కనిపిస్తాడు. ఒక సంస్థ యంత్రం మాత్రమే చదవగల ఫైలు, ఆ సంస్థతోనే మూగబోతుంది. డీసీఐ బొమ్మకూ తాళం ఉంది, కాని దాని లిపి బహిరంగం. కనుక థియేటరుకు ఏ కుదింపు పంపినా సరే, భద్రపరచే ప్రతి మాత్రం తాళం లేకుండా, అందరూ చదవగల రూపంలో ఉండాలి. ఎవరు ముందు చూస్తారన్న ప్రశ్నను తేలిక కుదింపు తీర్చింది. యాభై ఏళ్ళ తర్వాత ఎవరు చూడగలరన్నది ఇంకా మిగిలే ఉంది.