బండి ఆపొచ్చు, ఫోన్ తెరవమనొచ్చా?

2021 అక్టోబర్ చివర్లో హైదరాబాద్ పోలీసులు రోడ్ల మీద బండ్లు ఆపి, యువకుల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న పదం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. ఎవరినీ బలవంతపెట్టలేదని, జనమే సహకరిస్తున్నారని పోలీసులు చెప్పుకున్నారు. చుట్టూ పోలీసులు నిలబడ్డప్పుడు ఒక ఆటో డ్రైవర్ ఫోన్ చేతికిస్తే దాన్ని సమ్మతి అనొచ్చా? మేము అడిగే ప్రశ్న ఇదే.

2017 జులైలో డ్రగ్స్ కేసులో ఎక్సైజ్ శాఖ సినీ ప్రముఖులను విచారించింది. వాళ్లకు ముందుగా నోటీసులు వచ్చాయి. ఒక నటి హైకోర్టుకు వెళ్లారు. సమ్మతి లేకుండా రక్తం, వెంట్రుకల నమూనాలు తీసుకోవద్దని కోర్టు చెప్పింది. అది ఆమె హక్కు, తప్పేం లేదు. అదే ఫిలింనగర్ బస్తీ నుంచి, బంజారాహిల్స్ నందినగర్ నుంచి బండి తీసే డ్రైవర్‌కూ అదే రాజ్యాంగం వర్తిస్తుంది. కానీ రోడ్డు మీద అతని పక్కన వకీలు ఉండడు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130 కింద యూనిఫాంలో ఉన్న పోలీసు లైసెన్సు అడగొచ్చు. ఫోన్‌లోని చాట్లు, ఫొటోలు చూపించమనే అధికారం అందులో లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు తేల్చారు. ఫోన్ సోదాకు మామూలుగా కోర్టు వారెంట్ ఉండాలని, అత్యవసరమైతే కారణాలు రాతలో పెట్టాలని 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో కర్ణాటక హైకోర్టు చెప్పింది. మత్తుమందుల చట్టం సెక్షన్ 43 కింద బహిరంగ స్థలంలో సోదా చేయాలన్నా, ఆ మనిషిని అనుమానించడానికి కారణం ఉండాలి. బస్తీ పేరు, వేసుకున్న బట్టలు కారణం కావు.

ఆపినప్పుడు ఏం చేయాలి?

- డిజిలాకర్‌లోని లైసెన్సు చెల్లుతుంది. ఫోన్ మీ చేతిలోనే పట్టుకుని చూపించండి. ఆండ్రాయిడ్‌లో ఆ ఒక్క యాప్‌నే తెరకు పిన్ చేసే వీలుంది.
- ఫోన్ తెరవమంటే, “సార్, ఏ సెక్షన్ కింద?” అని మర్యాదగా అడగండి. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పండి. పెనుగులాడొద్దు.
- బలవంతంగా తీసుకుంటే అధికారి పేరు, చోటు, సమయం గుర్తుపెట్టుకోండి. స్వాధీనం చేసుకుంటే పంచనామా అడగండి. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి.
- కులం పేరుతో నలుగురిలో దూషిస్తే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎస్) ఉంది.
- ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. 15100కు ఫోన్ చేయండి.

మన ఫోన్‌లో సంఘం గ్రూపులుంటాయి, కేసు కాగితాలుంటాయి, సాక్షుల నంబర్లుంటాయి. ఒక్కరి ఫోన్ తెరిస్తే బయటపడేది ఆ ఒక్కరే కాదు. అందుకే ఈ విషయాన్ని ఆటో అడ్డాల్లో, హాస్టళ్లలో ముందే చెప్పుకుందాం.