సైట్‌లో ఉన్న వార్త సెర్చ్‌లో ఎందుకు రాదు? రియల్ టైమ్, బ్యాచ్ ఇండెక్సింగ్‌లలో ఏది ఎప్పుడు

తమిళనాడులో 2006లో నిర్బంధ తమిళం చట్టం వచ్చాక, పదో తరగతిలో తెలుగు పిల్లలకు ఇచ్చే మినహాయింపు మీద కోర్టు ఉత్తర్వులు పలుసార్లు వచ్చాయి. అలాంటి ఉత్తర్వు వెలువడిన రోజున ఒక తల్లి మన సంఘం సైట్‌లో వెతికితే కిందటేడు వార్తే కనిపించిందనుకోండి. ఆమె దాన్నే నమ్ముతుంది. కొత్త వార్త సైట్‌లో ఉంటుంది, సెర్చ్‌లో మాత్రం ఉండదు. దీనికి చాలాసార్లు ఇండెక్సింగే కారణం.

సెర్చ్ వెతికిన ప్రతిసారీ వార్తలన్నీ చదవదు. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటి పట్టికను చూస్తుంది. ఏ పదం ఏ వార్తల్లో ఉందో అందులో రాసి ఉంటుంది. ఈ పట్టికే ఇండెక్స్. అందులోకి ఎక్కని వార్త సెర్చ్‌కు లేనట్టే.

రాత్రికోసారో వారానికోసారో మొత్తం ఒకేసారి ఎక్కించడం బ్యాచ్ పద్ధతి. ఖర్చు తక్కువ, మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టవచ్చు. అయితే ఉదయం వేసిన వార్త రాత్రి దాకా దొరకదు.

వార్త వేసిన వెంటనే ఎక్కించడం రియల్ టైమ్. నిజానికి అది దాదాపు వెంటనే మాత్రమే. ఎలాస్టిక్‌సెర్చ్‌లో మామూలుగా 1 సెకనుకోసారి కొత్తవి సెర్చ్‌కు కనిపిస్తాయి. దాని అడుగున పనిచేసే లూసీన్ కొత్త సమాచారాన్ని సెగ్మెంట్లు అనే చిన్న ముక్కలుగా రాస్తుంది. ఒకసారి రాసిన ముక్కను మార్చదు, తర్వాత కొన్నింటిని కలిపి పెద్దది చేస్తుంది. ఎంత తరచుగా రిఫ్రెష్ చేస్తే అన్ని చిన్న ముక్కలు, అంత కలిపే పని. వేలాది పాత వ్యాసాలు ఒక్కసారే ఎక్కించేటప్పుడు రిఫ్రెష్‌ను ఆపి, పని అయ్యాక తిరిగి పెట్టమనేది అందుకే.

గూగుల్ 2010లో కెఫీన్ అనే వ్యవస్థతో విడతల పద్ధతి వదిలి, ఇండెక్స్‌ను నిరంతరం తాజా చేసే దారికి మారింది. రోజుకు పదో ఇరవయ్యో వార్తలు వేసే మన సైట్లకు ఆ భారం లేదు. మనకు అసలు చిక్కు వేరే ఉంది. వార్త వేసిన క్షణంలో సెర్చ్ సర్వర్ ఆగి ఉంటే, ఆ వార్త ఇండెక్స్‌కు ఎప్పటికీ చేరకపోవచ్చు. ఎవరికీ తెలియదు కూడా. అందుకే రియల్ టైమ్ పెట్టుకున్నా, రాత్రి ఒకసారి డేటాబేస్‌తో సరిచూసి తప్పిపోయినవాటిని ఎక్కించే చిన్న బ్యాచ్ ఉండాలి.

తెలుగు విషయంలో బ్యాచ్ ఎలాగూ తప్పదు. బళ్లారి, బళ్ళారి ఒకటే ఊరు. బరంపురం, బెర్హంపూర్ కూడా అంతే. హోసూర్‌లో అనే మాటలో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. కొందరు టైప్ చేస్తారు, కొందరు చేయరు. ఇండెక్స్ చేసేటప్పుడు వీటిని ఒకటిగా చూసే నియమం ఈ రోజు పెడితే, అది ఈ రోజు నుంచి వేసే వార్తలకే వర్తిస్తుంది. పాతవన్నీ మళ్లీ ఎక్కించాల్సిందే. అను ఫాంట్లలో ఉన్న పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చినప్పుడూ అంతే. కొత్త ఇండెక్స్‌ను పక్కన కట్టుకుని, పూర్తయ్యాక సెర్చ్‌ను దాని వైపు తిప్పితే పాఠకులకు అంతరాయం ఉండదు.

మా లెక్కలో కొత్త వార్తలు, సవరణలు, తొలగింపులు వెంటనే ఎక్కాలి. పాత సంచికలు బ్యాచ్‌లో ఎక్కవచ్చు. తొలగింపులను చాలామంది మరిచిపోతారు. పెళ్లి సంబంధం ప్రకటన తీసేయమని ఒక కుటుంబం అడిగాక కూడా, వారి ఫోన్ నంబరు తెల్లవారేదాకా సెర్చ్ ఫలితాల్లో కనిపించడం చిన్న విషయం కాదు. సర్వర్‌ను కనిపెట్టి ఉండే మనిషి లేని చిన్న సంఘమైతే, గంటకోసారి బ్యాచ్ నడుపుకుని, తొలగింపులకు మాత్రం ఎప్పటికప్పుడు దాన్ని చేత్తో నడిపినా సరిపోతుంది. కొన్ని వేల వ్యాసాలకు పట్టేది నిమిషాలే.

సైట్ కట్టించుకునేటప్పుడు తయారుచేసేవారిని ఒకటి అడగండి: సవరించిన వార్త, తీసేసిన వార్త సెర్చ్‌లో ఎంతసేపటికి మారతాయి? కొత్త వార్త గురించి మాత్రమే చెబితే మళ్లీ అడగండి.