నల్లటి కొండవాలు

మారేడుమిల్లి వెళ్తుంటే బస్సు కిటికీలోంచి కాలిన కొండవాలు ఒకటి కనిపించింది. "అడవిని తగలబెట్టేస్తున్నారు" అని తిట్టుకున్నాను. డెల్టాలో పుట్టినవాణ్ణి, పోడు గురించి నాకేం తెలుసు!

చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, తొలకరికి ఆ బూడిదలో చోళ్ళు, సామలు చల్లుతారు. రెండు మూడేళ్ళు పండించి ఆ వాలు వదిలేస్తారు. మొద్దులు చిగురిస్తాయి, కొన్నేళ్ళకి మళ్ళీ అడవి లేస్తుంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు హద్దులు గీశారు, పోడుకి అడ్డంకులు పెట్టారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి స్టేషన్ మీద పడిందంటే, దాని వెనక రోడ్డు పనుల వెట్టితో పాటు ఈ కడుపుమంట కూడా ఉంది.

ఇంతా చేసి చట్టం తగ్గించింది చోటుని. చోటు తగ్గితే అదే వాలుకి త్వరగా తిరిగి రావాల్సిందే కదా? ఇక వేళ్ళు కోలుకునేదెప్పుడు?

మన అడవులొక్కటే కాదు, కెనడాలోనూ ఇదే లెక్క. అక్కడి జాక్ పైన్ కాయలు మంట వేడికే విచ్చుకుని విత్తనాలు రాలుస్తాయి. కానీ లేతచెట్లు కాపుకి రాకముందే మళ్ళీ కాలితే విత్తనమే ఉండదు. 2023లో ఆ దేశంలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలింది.

అందుకే ఈసారి నల్లటి వాలు కనిపిస్తే, తిట్టే ముందు ఒక్కటి అడగండి: ఇది కిందటిసారి కాలి ఎన్నేళ్ళయింది?