ఓరుగంటి సీమలోని హిమానీనదములు

మా ఓరుగంటి చరిత్ర చెప్పబూనినవారెల్లరు బేతరాజుతోనో ప్రోలరాజుతోనో ఆరంభించి, గణపతిదేవుని చెరువులను, రుద్రమదేవి కోటను వర్ణించి, 1323వ సంవత్సరమున కథ ముగించి నిట్టూర్చుట పరిపాటి. ఆ పరిపాటిని నేను తప్పుపట్టను గాని, నరుడు పుట్టుటకు ఎంతో పూర్వము, సుమారు 30 కోట్ల ఏండ్ల క్రిందట, ఈ గోదావరి లోయ మంచుగడ్డల బరువు క్రింద అణగియుండెనను సంగతిని విడిచిన చరిత్ర, తొలి ఆకులు చినిగిన తాళపత్రగ్రంథము వంటిదని నా అభిప్రాయము. రోహిణికార్తె ఎండలో హనుమకొండ వీధులు తిరిగినవారికి ఈ మాట పరిహాసముగా తోచిన తోచవచ్చును.

ఏటేట మా ఊరినుండి చార్‌ధామ్ యాత్రకు పోవువారిలో కాళ్ల సత్తువ గలవారు గంగోత్రి గుడికడ ఆగక, అచటి జాతీయోద్యానములో ప్రవేశించి గోముఖము దాక నడచి వత్తురు. తిరిగివచ్చి చలిని గూర్చియు, శివలింగ శిఖరమును గూర్చియు కథలు చెప్పుదురేగాని, హిమానీనదపు మొనకడ బండలు, గులకరాళ్లు, బూడిదవన్నె మన్ను ఏకముగా కలసి కుప్పలుపడి యుండుట ఎవరును చెప్పరు. చూడవలసినది అదియే. నది తాను మోసిన రాతిని బరువునుబట్టి ఏరి, బండను ఎగువను, ఇసుకను దిగువను, ఒండ్రును మరింత దూరమునను విడుచును. మంచునకు ఆ వివక్ష లేదు, ఏనుగంత బండను, పిండివంటి ధూళిని ఒక్కచోటనే దింపి కరగిపోవును.

అట్టి కుప్పలే శిలలుగా గట్టిపడి మన గోదావరి లోయ పడమటి అంచు వెంబడి ఎడనెడ బయలుపడియున్నవి. వాగు కోసిన గట్టున పసిరివన్నె మెత్తని మట్టిరాయి కనబడును. వ్రేలితో నలిపిన పుల్లలు పుల్లలుగా విరుగును. ఆ మెత్తని రాతి నడుమ, ఏ ప్రవాహమును ఈడ్చి తేజాలనంతటి నల్లసేనపు గుండు ఒకటి ఒంటరిగా దిగబడియుండును. దాని ఒక ముఖము నునుపుగా అరగి, దానిపై ఒకే వైపునకు సాగిన గీతలుండును. మంచు అడుగున చిక్కి, నేలను ఒరసికొనుచు పోయిన రాతికే అట్టి గీతలు పడును.

ఉత్కళములోని తాల్చేరు కడ ఇట్టి గుండ్ల పొరను చూచి, ఇది మంచు చేసిన పనియని 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులును థియోబాల్డును వ్రాసినపుడు, ఉష్ణదేశమున మంచేమని సందేహించినవారు లేకపోలేదు. తరువాత చాందా సమీపమున ఇరాయి గ్రామముకడ సున్నపురాతి నేలపైననే ఆ గీతలుండుటను ఫెడెన్ 1875లో ప్రకటించెను. ఆ చోటు ప్రాణహిత పరీవాహకములోనిదే. అనగా మా లోయకు ఎగువ భాగమే. ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణ అమెరికాలోను అవే గుండ్లు దొరకుటచే, ఇవన్నియు ఒకనాడు దక్షిణ ధ్రువమునకు చేరువనున్న ఒకే మహాఖండమని శాస్త్రజ్ఞులు నిశ్చయించి, దానికి గోండ్వానా అని పేరిడిరి. గోండులు మా పొరుగువారే గదా!

మా సీమ శిలలను శ్రద్ధగా చదివినవాడు విలియం కింగ్. నర్సంపేట దాపుననున్న పాకాల గుట్టల నూరుకోట్ల ఏండ్లకు పైబడిన శిలలకు పాకాల చెరువు పేరే పెట్టినవాడాతడు. 1871లో ఎల్లందు కడ బొగ్గును కనుగొన్నవాడును ఆతడే. 1953 దాక ఎల్లందు వరంగల్లు జిల్లాలోనిదే కాన, సింగరేణి కథ కూడ మా కథయే యని నా పట్టు. మంచు కరగిన పిమ్మట, క్రుంగుచున్న లోయలో చిత్తడియడవులు పెరిగి, కూలి, ఇసుక క్రింద పూడి బొగ్గైనవి. ఆపైన ఇసుకరాళ్లు పేరినవి.

భూపాలపల్లి బొగ్గుబాయిలకు కాకతీయ ఖనులని పేరుపెట్టినవారు చరిత్రాభిమానులే గాని, ఆ బొగ్గు ముందు కాకతీయులు నిన్నటివారు. అచట బొగ్గుకై బోరు వేయువారికి మాత్రము ఈ మంచు జాడ బాగుగా తెలియును. పసిరివన్నె రాయి, గుండ్లు పైకి వచ్చినచో ఆ దిగువన ఇక బొగ్గు తగలదని ఎరిగి, వారు యంత్రము నిలిపి గొట్టములు విప్పుకొందురు.